మారుమనస్సు, క్రొత్త పుట్టుక: వెల్లంపల్లి రేవు చరిత్ర



మన పల్లెలలో ఎవరైన క్రైస్తవమతము నవలంబించినప్పుడు జనులు వాడు మాట యొకటి కలదు. “వారు మతములో కలిసిరి” అందురు. కులములో కలియుట, పంక్తిలో కలియుట అన్నట్లే మతములో కలియుట. ఈ మాటలో ఒక గుంపున్నది. ఆ గుంపులోనికి పోవు మనుష్యుడున్నాడు. అతనిని చేర్చుకొనువారును, విడిచిపెట్టువారును ఉన్నారు. క్రైస్తవుల శాస్త్రము మాత్రము ఈ కార్యమునకు కలియుట యని పేరు పెట్టలేదు. అది దీనిని పుట్టుట యని పిలిచినది. కలియుట పదిమందితో జరుగును. పుట్టుట యెవని మట్టుకు వానికే జరుగును. ఈ రెండు మాటలును 1878వ సంవత్సరమున ఒంగోలు సమీపమున, గుండ్లకమ్మ యేటి యొడ్డున, ఒకదానికొకటి యెదురుపడినవి. ఆ చరిత్రను మీకు మనవి చేయుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ముందుగా సిద్ధాంతమును కొంత తెలిసికొనక తప్పదు. యోహాను సువార్త మూడవ యధ్యాయమున నికొదేము అను పెద్దమనుష్యుని కథ కలదు. అతడు యూదుల సభలో అధికారి, ధర్మశాస్త్రమును బోధించువాడు, నలుగురిలో పేరు గలవాడు. పగలు వచ్చినచో లోకులు చూతురని కాబోలు, రాత్రివేళ యేసునొద్దకు వచ్చెను. గ్రామములో పెద్దరికము చేసినవారికి ఈ జంకు యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. మరల జన్మించిననే గాని దైవరాజ్యము కానరాదని యేసు అతనితో చెప్పెను. ముసలివాడు తిరిగి తల్లికడుపున బడుట యెట్లని అతడు తెల్లబోయెను. మూలమైన గ్రీకు భాషలో ఇచ్చట వాడిన “అనోతెన్” అను పదమునకు రెండర్థములు కలవు. మరల అనునది యొకటి. పైనుండి అనునది యొకటి. నికొదేము మొదటి యర్థమును పట్టుకొని చిక్కుపడెను. యేసు మాటలోని భావము రెండవదానివైపు మొగ్గుచున్నది. ఈ పుట్టుక శరీరమునకు గాదు, ఆత్మకు. ఇది మనుష్యుని వలన గాదు, పైనున్న దేవుని వలన.

మనవారికి ఈ మాట వినగానే నికొదేమునకు కలిగినదానికంటె గొప్ప చిక్కు కలుగును. తిరిగి పుట్టుట యనగా మనకు తెలిసినది కర్మానుసారముగా మరియొక దేహమును ధరించుట. ఆ పుట్టుకనుండి తప్పించుకొనుటయే మోక్షమని మన పెద్దలు చెప్పిరి. అట్టివారితో “తిరిగి పుట్టినగాని మోక్షము లేదు” అనినచో తలక్రిందుల మాటవలె తోచుట సహజము. మన శాస్త్రములలో దీనికి కొంత సమీపమున నున్న పదము ద్విజశబ్దము. ఉపనయనముచేత వటువు రెండవమారు పుట్టినవాడగుచున్నాడు. దేహము మారదు, బ్రతుకు మారును. అయితే ఈ రెండవ పుట్టుక కొన్ని వర్ణములవారికే చెప్పబడినది. గుండ్లకమ్మ రేవునకు వచ్చినవారో, ఆ మాట యెన్నడును తమకు వర్తింపనివారు. ఈ సంగతి మనస్సునందుంచుకొని కథ వినవలెను.

క్రొత్త పుట్టుకతోబాటు క్రైస్తవులు చెప్పు మరియొక మాట మారుమనస్సు. గ్రీకున దీనిని “మెటనోయియా” అందురు, ఆలోచనయే మారుట. హెబ్రీ భాషలోని పాత మాట యింకను తేట. దాని యర్థము, త్రోవ తప్పినవాడు వెనుదిరిగి వచ్చుట. తిరుగుట మనుష్యుడు చేయు పని. పుట్టుట మనుష్యుడు చేయు పని గాదు. తన్ను తాను కన్నవాడెవ్వడును లేడు. ఈ రెంటిలో ముందేది, వెనుకేది యని వారిలో వాదము చిరకాలముగా సాగినది. కాల్విను మార్గస్థులు దేవుడు ముందుగా పుట్టించును, పిమ్మట మనుష్యుడు తిరుగునందురు. వెస్లీ మార్గస్థులు మనుష్యుడు విశ్వసించి తిరిగిన పిమ్మట దేవుడు క్రొత్త పుట్టుక నిచ్చునందురు. రోమను సంఘమువారును, లూథరు సంఘమువారును బాప్తిస్మజలము ద్వారానే ఆ జన్మము దొరకునని చెప్పి, పసిబిడ్డలకు సైతము బాప్తిస్మమిత్తురు. ఆంగ్ల సంఘమువారును పసిబిడ్డలకు ఇత్తురు. బాప్తిస్టులు దీని కొప్పుకొనరు. లోపల పుట్టుక జరిగిన పిమ్మట, జరిగినదని సాక్ష్యమిచ్చుటకే నీటిలో మునుగవలెను. కనుక తన నోట తాను చెప్పలేని బిడ్డకు బాప్తిస్మము లేదని వారి నియమము. ఒంగోలునకు వచ్చినవారు ఈ బాప్తిస్టులే. రాబోవు చిక్కంతయు ఈ నియమమునుండియే పుట్టినది.

పాశ్చాత్యదేశముల క్రైస్తవులు మారుమనస్సునకు చూపు దృష్టాంతము లెవ్వి? దమస్కు బాటలో పౌలు. 386వ సంవత్సరమున మిలాను నగరపు తోటలో అగస్తీను. 1738వ సంవత్సరము మే 24వ తేదీ సాయంకాలము లండను నగరమున జాన్ వెస్లీ. అన్నింటను ఒక్కడే మనుష్యుడు, ఒక్కటే హృదయము. వెస్లీ విషయమున గడియ సైతము వ్రాసిపెట్టబడినది. అమెరికా దేశమున మతోద్రేకము పెచ్చుపెరిగి, ఏడ్చినవారును మూర్ఛపోయినవారును తాము క్రొత్తగా పుట్టితిమని చెప్పుకొనుచున్న కాలమున, జొనాథన్ ఎడ్వర్డ్స్ అను బోధకుడు 1746లో ఒక గ్రంథము వ్రాసి, ఉద్రేకము గుర్తు గాదు, పిమ్మటి నడవడియే గుర్తు అని తీర్మానించెను. ఇది గట్టి మాట. దీనితో మనకు ముందు పని యున్నది.

ఇక మన దేశపు కథ. అమెరికను బాప్తిస్టులు పంపిన శామ్యూల్ డే అను మిషనరీ 1836లో తెలుగుదేశము చేరెను. 1840లో నెల్లూరు వారికి నివాసమయ్యెను. ఏండ్లు గడచెను గాని చేరినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందే. 1853లో ఆల్బనీ నగరమున జరిగిన వారి మహాసభలో ఈ క్షేత్రమును మూసివేయుదమా యను చర్చ వచ్చెను. పటములో నెల్లూరొక్కటియే ఒంటినక్షత్రమువలె నుండుటచే “ఒంటిచుక్క” యను పేరు దాని కప్పుడే నిలిచినది. మూయలేదు. 1854 జనవరి 1వ తేదీ వేకువను లైమన్ జూయెట్ అను మిషనరీ, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు, మొత్తము అయిదుగురు, ఒంగోలు కొండ నెక్కి ప్రార్థించిరి. నేటికిని ఆ కొండను ప్రార్థన కొండ యందురు.

జూయెట్ అమెరికాకు వెళ్లి 1865లో తిరిగి వచ్చునప్పుడు వెంట తెచ్చిన యువకుడు జాన్ ఎవరెట్ క్లౌ. ఇతడు బాల్యమున మిన్నెసోటా ప్రాంతమున భూమి కొలుచు సర్వేపని నేర్చినవాడు. ఆ పని పిమ్మట యెంత అక్కరకు వచ్చెనో చూతురు. కళాశాలలో చేరినప్పుడు ఇతనికి మతమునందు నమ్మకము లేదట. గదిలో తనతో నుండు విద్యార్థి ప్రార్థన చేయుచుండగా సహింపక, నేలపై సుద్దగీత గీచి, ఆ గీత కావల నీవు ప్రార్థించుకొమ్మని చెప్పెనని ఒక కథ చెప్పుదురు. అట్టివాడే కొంతకాలమునకు మారుమనస్సు పొందెను. ఒక గదిలో, ఒంటరిగా, తనతో తాను పెనగులాడి తిరిగిన మనుష్యుడు. అతడెరిగిన మారుమనస్సు అదియే. 1866 సెప్టెంబరులో అతడు ఒంగోలు చేరెను. ఒంగోలు ఆ దినములలో నెల్లూరు జిల్లాలోనిది. నేడు ప్రకాశము జిల్లాకు ముఖ్యపట్టణము.

అతనికంటె ముందే మరియొక మనుష్యుడు సిద్ధముగా నుండెను. ఒంగోలునకు పడమట నలువది మైళ్ల దూరమున తాళ్లకొండపాడు అను గ్రామము కలదు. అచ్చటి మాదిగ కులమున పుట్టిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వర్తకుడు. చదువు రాదు. అయినను విగ్రహముల మ్రొక్కుటయందు తృప్తి లేక, వీరమ్మ యను స్త్రీగురువునొద్ద రాజయోగ ముపదేశము పొంది, ఏకేశ్వరుని వెదకుచుండెను. వర్తకమునకై ఉత్తరమున ఏలూరువైపు పోయినప్పుడు ఒక మిషనరీ బోధ వినెను. తాను వెదకుచున్న దిదియే యని తోచి, 1866లో బాప్తిస్మము పొందెను. పేరయ్య పూర్వకథను క్లౌ భార్య ఎమ్మా, వృద్ధులైన మాదిగ క్రైస్తవుల నోట విని, 1899లో అచ్చువేసిన తన ఆంగ్లగ్రంథమున చేర్చినది. ఆ పుస్తకమునకు “చెప్పులు కుట్టుచుండగా” అని పేరు. ఈ ఎమ్మా అమెరికాలో సాంఘిక సువార్త యను వాదమునకు పేరుపడిన వాల్టరు రాషెన్‌బుష్‌కు సహోదరి. మాదిగపల్లెల యోగగురువుల చరిత్రను అంత శ్రద్ధతో వ్రాసి యుంచినవారు ఆ కాలమున మనలో ఎవరున్నారో నాకు కానరాదు.

పేరయ్య విషయమున ఆ సిద్ధాంతవాదులు ఏమందురో అడుగదగును. అతని క్రొత్త పుట్టుక యెన్నడు జరిగినది? నీటిలో మునిగిననాడా, ఏలూరువైపు బోధ విన్ననాడా, అంతకు ముందే వీరమ్మ యెదుట కూర్చున్ననాడా? పౌలువలె ఇతడు వేరొక దిక్కునకు పోవుచు ఆకస్మికముగా తిరిగినవాడు గాడు. పోవుచున్న దారినే పోయి పోయి ఒక చోట చేరినవాడు. మారుమనస్సు ఇట్లును రావచ్చునని ఆ సంఘము నేర్చుకొనవలసి వచ్చినది.

1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు ప్రాంతమునకు పోయెను. పేరయ్య మాట విని చుట్టుపట్ల పల్లెలనుండి మాదిగలు మూటముల్లెలతో వచ్చి చింతతోపులో విడిసిరి. అయిదు దినములు బోధ జరిగెను. కడపట ఇరువదియెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి. ఒంటరి మనుష్యుని ఒంటరి హృదయమును ఎదురుచూచిన దొరకు ఒక్క తోపున ఇందరు, అందులో పలువురు ఒకరికొకరు చుట్టములు. మారుమనస్సు మన దేశమున చుట్టరికపు దారులవెంట నడచునని క్లౌ కాలక్రమమున తెలిసికొని, తన కడపటి గ్రంథమున వివరముగ వ్రాసెను. 1910లో అతడు మరణించిన పిమ్మట 1914లో అది వెలువడినది.

ఈ క్రొత్తవారికి మూడు నియమములు పెట్టబడినవి. ఆదివారమున పని మానవలెను. చచ్చిన గొడ్డు మాంసము తినరాదు. విగ్రహములకు మ్రొక్కరాదు. మూడును చిన్న మాటలవలె కనబడును. గ్రామముల ఏర్పాటు నెరిగిన మీకు వాని బరువు తెలియును. మాదిగవాడు రైతునకు చెప్పులును, కపిలబానలును కుట్టి యిచ్చును; రైతు కళ్లమున వానికి మేర కొలుచును. చచ్చిన గొడ్డు వానిది. దాని తోలును వాడే తీయవలెను, దాని మాంసమును వాడే తినవలెను. జాతరలో డప్పు వాడే కొట్టవలెను. ఇది ఒక మనుష్యునితో రైతు చేసికొన్న ఒడంబడిక గాదు. మాదిగపల్లె యంతటికిని గ్రామ మంతటికిని తరతరములుగా నడచిన ఏర్పాటు. పైరు ఎండుచుండగా ఆదివారము నాడు కపిలబాన తెగినది, కుట్టువాడు రానన్నాడు. అమ్మవారి కొలువునాడు డప్పు లేదు. కరణము, మునసబు, రెడ్డి, అందరును కోపగించిరి. బావులు మూయబడినవి, కోమటి అంగడిలో సరకు నిరాకరింపబడినది, చాకలి రాలేదు, కొన్నిచోట్ల దెబ్బలును తగిలినవి. ఆనాటి పెద్దల పక్షమున చెప్పదగినది ఒక్కటే. తమ గ్రామముయొక్క ఏర్పాటు తమ కన్నులయెదుట తెగుచున్నదని వారు భయపడిరి. ఆ భయము నిజమైనదే. అయినను దాహమునకు నీరు మూయుటకు అది సమాధానము గాదు.

ఇచ్చట సిద్ధాంతమునకు సంబంధించిన ఒక సూక్ష్మ మున్నది. సుద్దగీత గీచిన విద్యార్థి తన గదిలో తానొక్కడే తిరుగవచ్చును. దానివలన అతని యూరిలో నీరు ఆగిపోదు. మాదిగపల్లెలో ఒక్కడు డప్పు మానినచో ఆ డప్పు వాని అన్న మెడలో పడును, లేదా దెబ్బలు వాని తండ్రి వీపున పడును. ఒంటరిగా తిరుగుటకు అచ్చట త్రోవయే లేదు. తిరిగినచో పల్లె తిరుగవలెను. కావున గుంపుగా వచ్చుట వారి విశ్వాసము కొరవడుటకు గుర్తని కొందరు పాశ్చాత్యులు తలచిరి గాని, అది తొందరపాటు. తిరుగుట గుంపుగా జరిగినను, పుట్టుట గుంపుగా జరుగునా యనునదే నిలిచియున్న ప్రశ్న.

ఒంగోలు చేరిన తొలి యేండ్లలోనే మరియొక సంగతి జరిగెను. పై కులములవారు కొందరు బోధ వినుటకు వచ్చుచుండిరి. మాదిగలను చేర్చుకొనుట మొదలుకాగానే, వారిని మానినచో మేము వత్తుము, లేనిచో రాము, అనిరట. క్లౌ దంపతులు ఏమి చేయుటకును తోచక, ఎవరి గదిలో వారు బైబిలు తెరవగా, ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని మొదటి యధ్యాయమే కంటబడెనట. జ్ఞానులను, ఘనులను గాక లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనునని దాని భావము. మాదిగలే నిలిచిరి. రెండవ పుట్టుకను కులముచేత కొలువగోరినవారు వెనుకకు పోయిరి.

1876లో వానలు తప్పినవి. 1877 అంతయు మహాకరవు. మన పెద్దలు ధాత కరవు అని చెప్పుకొన్నది ఇదియే. చెన్నపట్టణపు ఇలాకాలో లక్షలకొలది జనులు చచ్చిరి. ఇండియా ప్రభుత్వము పంపిన సర్ రిచర్డు టెంపుల్ 1877 జనవరిలో కరవుపనులలోని మగకూలికి దినమునకు ఒక్క పౌను ధాన్యమును, స్వల్పముగా డబ్బును మాత్రమే ఇయ్యవలెనని నిర్ణయించెను. మన కొలతలో అది సుమారు అరకిలోకు లోపు. మట్టిపని చేయువాని కది యెంతమట్టుకు చాలునో మీకే విదితము. ఆ సమయముననే సముద్రతీరమున బకింగుహాము కాలువను త్రవ్వించుచుండిరి. సర్వే నేర్చిన క్లౌ ముందుకు వచ్చి మూడున్నర మైళ్ల కాలువపనిని కంట్రాక్టునకు తీసికొనెను. అతని బోధకులే మేస్త్రీలైరి. వేలకొలది కూలీలు అచ్చట పాకలు వేసికొని మన్ను మోసిరి. పగలు కొలతలు వేసిన మేస్త్రీయే, కూలీలు అలసి కూర్చున్నప్పుడు బోధ చేయును.

కూలియు మతమును ఒకే చేతినుండి వచ్చుచున్నవి. ఇచ్చట అనుమానము పుట్టకుండుట యెట్లు? ఈ యనుమానము ముందుగా క్లౌకే పుట్టెను. వందలకొలది జనులు బాప్తిస్మ మడిగిరి. అతడు ఇయ్యలేదు. 1877 మార్చి మొదలు 1878 జూను వరకు, పదునైదు నెలలు, కరవు వదలువరకు, ఒక్కరికిని ఇయ్యలేదు. కూటికొరకు కలిసిరన్న మాట రాకుండుటకే ఈ కట్టుబాటు. మునిగినవారి లెక్కను అందరును చెప్పుదురు. ముంచుటకు నిరాకరించిన ఈ పదునైదు నెలలను చెప్పువారు తక్కువ. నా దృష్టికి ఈ చరిత్రలో సిద్ధాంతమునకు నిజముగా నిలబడిన ఘట్టమిదియే. లోపలి పుట్టుకను కన్నుతో చూడ వీలులేదు గనుక కాలమునకు విడిచిపెట్టిరి.

1878 జూనులో కరవుసాయము ముగిసెను. ఒంగోలునకు ఉత్తరమున పది మైళ్ల దూరమున గుండ్లకమ్మ యొడ్డునగల వెల్లంపల్లికి రమ్మని క్లౌ తన బోధకులకు వర్తమానము పంపెను; జనులను తేవలదని కూడ చెప్పెను. బోధకులతో వేలమంది వచ్చిరి. ఇక పంచుటకు తనయొద్ద డబ్బు లేదని, ఎవరి యూళ్లకు వారు పొండని చెప్పగా, మాకు సాయము వలదు, కష్టపడితిమనుటకు మా చేతుల బొబ్బలే సాక్ష్యము, రేపటి పంటయు పోయినచో చత్తుము, చచ్చినను క్రైస్తవులమై చత్తుము, బాప్తిస్మము మాత్రము ఇమ్మని వారనిరట. తోపులో పల్లెల వారీగా కూర్చుండబెట్టి విచారించిరి. ఏ పల్లెవారిని ఆ పల్లె నెరిగిన బోధకుడు ఎరుకపరచవలెను. తెలియనివారిని, తడబడినవారిని తరువాత రమ్మనిరి.

జూలై 2వ తేదీని 614 మంది, 3వ తేదీని 2,222 మంది, 4వ తేదీని 700 మంది, మొత్తము మూడు దినములలో 3,536 మంది ఏటిలో మునిగి లేచిరి. ఆ సంవత్సరాంతమునకు లెక్క 9,606. జూలై 3వ తేదీన క్లౌ ఏటిలో దిగలేదు. ఒడ్డున గుమాస్తాలతో నిలిచి పేర్లు చూచుచుండెను. బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు నీటిలో నుండగా తక్కినవారు ఒడ్డున విశ్రమింతురు. అలసినవారు గట్టెక్కగా మరి ఇద్దరు దిగుదురు. ఎండవేళ కొంత ఆగి, సాయంకాలమునకు ముగించిరి. పెంతెకొస్తు దినమున యెరూషలేములో చేరినవారు మూడువేలని బైబిలులో నున్నందున, నాటినుండి ఇంత కార్యము జరుగలేదని అమెరికాలో చెప్పుకొనిరి. నాలుగు రెండ్లుగా నోట నిలుచు సంఖ్యయగుటచేత 2,222 మరింత ప్రసిద్ధమైనదేమో.

మరి వీరందరును క్రొత్తగా పుట్టినవారేనా? ఆకలియే మతము మార్చినదని ఒక పక్షము. అది పెంతెకొస్తు వంటి అద్భుతమని మరియొక పక్షము. రెండును సులభమైన జవాబులే. ఆకలికి పాత్ర లేదనుట అబద్ధము. కరవు లేనిచో అందరు కాలువగట్టున ఒక చోట చేరెడివారు గారు; కూలి యిచ్చువాని మాటకు బలమెక్కువయని మన మెరుగుదుము; కరవు పోగా వెనుకకు మరలినవారును ఉండిరి. ఆకలి యొక్కటే కారణమనుటయు అబద్ధమే. పేరయ్య మొదలైనవారు పల్లెపల్లెకును తిరిగి పదునొకండు సంవత్సరములు బోధించిరి. కరవునకు ముందే సంఘములో వేలకొలది సభ్యులుండిరి. సాయమున్నన్నాళ్లు బాప్తిస్మము లేదు, బాప్తిస్మము వచ్చునాటికి సాయము లేదు. ఎడ్వర్డ్స్ చెప్పిన నడవడి యను గుర్తుతో చూచినచో, పరీక్ష గుండ్లకమ్మలో జరుగలేదు. రేవునుండి ఇల్లు చేరిన పిమ్మట, ఊరిలో ఎద్దు చచ్చినప్పుడు, జాతరకు కబురు వచ్చినప్పుడు, ఆ 2,222 మందిలో ప్రతియొక్కరికిని వేరువేరుగా జరిగినది. అక్కడ గుంపు లేదు. కడుపున ఆకలి యున్నది, ఎదుట మాంస మున్నది. తినుటయా మానుటయా యని తేల్చుకొనువాడు ఒక్కడే. పలువురు మానిరి. తమ బిడ్డలను బడికి పంపిరి. 1872 నుండి రామపట్నమున నడచుచున్న బోధకుల పాఠశాలకు ఈ పల్లెల యువకులే పోయిరి.

ఈ వివాదము ఒంగోలుతో ముగియలేదు. 1930 తరువాతి సంవత్సరములలో గాంధి మహాత్ముడు తన హరిజన పత్రికలో, దళితజనులను గుంపులుగా మతము మార్చుట ఆత్మసంబంధమైన కార్యము గానేరదని విమర్శించెను. 1933లో పికెట్ అను మెథడిస్టు పండితుడు తెలుగుదేశపు క్షేత్రములను గూడ పరిశీలించి ఒక గ్రంథము ప్రకటించెను. ఆత్మసంబంధమైన కోరికతో వచ్చితిమన్నవారిని, గౌరవము కొరకు వచ్చితిమన్నవారిని, చుట్టముల వెంట వచ్చితిమన్నవారిని వేరువేరుగా అడిగి చూడగా, వచ్చిన కారణమును బట్టి పిమ్మటి నడవడి అంతగా మారలేదనియు, వచ్చిన తరువాత లభించిన బోధయే ముఖ్యమనియు తేలినదట. త్రోవ యేదైనను చేరినవాడు పుట్టవచ్చునని దీని భావము. గాంధిగారి మాటతో నేరుగా విభేదించినవాడు దోర్నకల్లు బిషప్పు వేదనాయకము సామ్యూలు అజరయ్య. 1912లో ఆంగ్లసంఘమున బిషప్పు పదవి పొందిన మొదటి భారతీయుడు. 1945లో మరణించువరకు మాల మాదిగ పల్లెలలో పనిచేసెను. ఆత్మను గూర్చిన ఆకలి పేదవానికి ఉండదనుట ఆయన కొప్పుదల గాలేదు. తన యేలుబడిలో బాప్తిస్మము పొందిన ప్రతివానిచేతను తన తలపై తన చేయి పెట్టించి, తాను క్రైస్తవుడనియు, ఈ సువార్తను ఇతరులకు చెప్పనిచో తనకు కీడగుననియు స్వయముగా పలికించుచుండెను. గుంపులోనుండి ఒక్కొక్కని నోట ఒక్కొక్క మాట రావలెనని ఆయన యేర్పాటు.

1947లో దక్షిణ ఇండియా సంఘ మేర్పడినప్పుడు అజరయ్య నడపిన దోర్నకల్లు క్షేత్రము అందులో చేరినది. ఒంగోలు బాప్తిస్టులు చేరలేదు. ఇట్లు తిరిగిన తెలుగు పల్లెల మనుమలలో ఒక పక్షమువారు నేటికిని పసిబిడ్డను ఎత్తుకొని పోయి నుదుట నీరు చిలికింతురు; రెండవ పక్షమువారు ఆ బిడ్డ పెరిగి తన నోట తాను చెప్పువరకు ఆగుదురు.